అక్క తలమీద అరకిలో

దాని బరువు ఐదు వందల ముప్పై గ్రాములు. మనవరాలు చెప్పిన అంకెను నమ్మక, వీధి చివర కిరాణా కొట్టుకు తీసుకుపోయి కాటా మీద పెట్టి చూశాను. అట్టపెట్టె మీద అచ్చయిన దానికంటే పద్దెనిమిది గ్రాములు ఎక్కువ వచ్చింది. తలకు బిగించే పట్టీని వాళ్ళు లెక్కలో కలిపినట్టు లేదు. కొట్టతను ఆ నల్లటి వస్తువును పప్పు తూచే పళ్ళెంలో అటూ ఇటూ తిప్పి, స్కూటర్ మీద పోయేవాళ్ళు పెట్టుకునేదా అని అడిగాడు. మా అక్క పెట్టుకునేది అన్నాను.

మనవరాలంటే నా కొడుకు కూతురు. తిరువళ్ళూరులో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. పొద్దున ఆరూ నలభైకి పొదటూరుపేటలో బస్సెక్కి తిరుత్తణిలో దిగి అక్కడ రైలు పట్టుకుంటుంది. కొత్తగా వచ్చిన పరికరాలను మామూలు మనుషుల చేతికిచ్చి, వాళ్ళు వాటితో ఎలా మసులుకుంటారో చూసి రాసి, తయారుచేసినవాళ్ళకు పంపడం ఆ కంపెనీ పని. ఈసారి వచ్చింది మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్. అది కళ్ళను పూర్తిగా మూసేస్తుంది. ముందున్న కెమెరాలు ఎదురుగా ఉన్నదాన్ని తీసి లోపల రెండు చిన్న తెరల మీద చూపిస్తాయి. కావలసిన బొమ్మలూ అక్షరాలూ దాని మీద కలుపుకోవచ్చు, ఉన్నదాన్ని పెద్దది చేసుకోవచ్చు. జనం దీన్ని రోజూ పెట్టుకోవాలనుకుంటారా, లేదా? వాళ్ళకు కావలసిన జవాబు ఇదొక్కటే. నలభై ఇళ్ళకు ఇరవై ఒక్క రోజులకు ఇచ్చారు. అరవై దాటినవాళ్ళు కూడా కొందరుండాలన్నారని మనవరాలు మా అక్క పేరు రాయించింది. రోజుకు ఎన్ని నిమిషాలు పెట్టుకున్నదీ రాయడం నా వంతు. నేతగాళ్ళ సంఘంలో ముప్పై ఒక్క ఏళ్ళు నూలు కట్టల లెక్క రాసినదాన్ని కనుక ఆ పని నాకు బరువు కాలేదు. పదకొండు పేజీలు పట్టింది. ఇప్పుడు ఆ పేజీలు ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

అక్కకు డెబ్బై ఆరు. నాకంటే మూడేళ్ళ నాలుగు నెలలు పెద్దది. ఇద్దరం నా కొడుకు ఇంట్లోనే ఉంటాం. అక్క పని పడుగులు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, మిగిలిన కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలపాలి. ముడి వెయ్యరు. వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొసలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక మెలి తిప్పి, వెనక్కి మడిచి ఇంకో మెలి తిప్పుతారు. లుంగీ పడుగులో రెండు వేల తొమ్మిది వందల ఇరవై పోగులు. అక్కకు పట్టేది నాలుగు గంటల పది నిమిషాలు. మగ్గం కదిలాక అందులో ఊడేవి నాలుగో ఐదో. మా పేటలో పవర్‌లూమ్ షెడ్లు వచ్చి చేతిమగ్గాలు పోయినా అక్క పని పోలేదు. పోగులు ముడివేసే మిషన్ పక్క ఊళ్ళో ఉందని తెలిసినా, మా వీధి షెడ్డు యజమాని, మేము ముదలాళి అంటాం, అక్కనే పిలిపించేవాడు.

ఈ పని మాకు నేర్పింది మేనత్త. పోగు వంక చూస్తే గడ్డం పట్టుకుని మా తలను పక్కకు తిప్పేది. కన్ను వేలికంటే ఆలస్యమనీ, అది చెప్పేదాకా వేలు ఆగితే పొద్దు గూకుతుందనీ అనేది. అందుకే మా వీధిలో అతికే ఆడవాళ్ళు వాకిలి వైపు చూస్తూ, ఊళ్ళో సంగతులు మాట్లాడుకుంటూ అతుకుతారు. అక్కకు నెల రోజుల్లో వచ్చింది. నాకు రాలేదు. చూడకుండా నేను ఉండలేకపోయాను. ఏడు నెలలు చూసి నన్ను బడికి పంపి, తర్వాత లెక్కల్లో కూర్చోబెట్టారు.

అక్క కళ్ళు పోతున్న సంగతి ఎవరికీ తెలియకుండా పోయింది కూడా ఇందువల్లే. పని ఎప్పటిలా సాగుతూనే ఉంది. ఆరేళ్ళ కిందట, ఆడికృత్తిక పండుగ అయిన మూడో రోజు, తిరుత్తణి బస్టాండులో నేను నీళ్ళ సీసా కొనుక్కుని తిరిగి వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాను. అక్క నా ముఖంలోకి చూసి, "ఏమ్మా, పొదటూరుపేట బస్సు పోయిందా?" అని అడిగింది. పరాయివాళ్ళను అడిగే గొంతు. నేనే కదా అంటే నవ్వేసింది, ఎండకు కళ్ళు చెదిరినాయంది. మర్నాడే తిరిగి తిరుత్తణికి తీసుకుపోయి కళ్ళ డాక్టరుకు చూపించాను. కంటి నడిమి పొర ఎండిపోయిందట. చుట్టూ అంచుల్లో కొంచెం చూపుంది, ఎదురుగా చూస్తే మాత్రం బూడిద రంగు మరక. ఆపరేషన్ లేదు, మందు లేదు అన్నాడు. అక్క బయటికి వచ్చి, పనికి అడ్డం లేదు కదా అంది. నిజమే, అడ్డం లేదు. ఆ వారం కూడా పడుగుకు ఊడినవి నాలుగే.

హెడ్‌సెట్ వచ్చింది ఒక ఆదివారం. మనవరాలు అక్కను గోడకు ఆనించి కూర్చోబెట్టి పట్టీ బిగించింది. బొమ్మను పెద్దది చేసి, నడిమి నుంచి పక్కకు, చూపు మిగిలిన అంచుకు జరిపింది. దానికి నలభై నిమిషాలు పట్టింది. తర్వాత అక్క తల మెల్లగా నా వైపు తిరిగి ఆగింది. ఏమైనా కనపడుతోందా అని అడిగాను.

"ఏమ్మే, ఇంత ముసిలిదానివైపోయినావే," అంది అక్క. "నాకు ఎవురూ చెప్పలేదే."

మనవరాలు నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రోజు అక్క మొత్తం రెండు వందల ఐదు నిమిషాలు పెట్టుకుంది. బ్యాటరీలు రెండు, ఒక్కొక్కటి రెండు గంటలు. క్యాలెండర్ చూసింది, బియ్యంలో రాళ్ళు చూసింది, నా మనవరాలి ముఖం దగ్గరికి లాక్కుని ఎడమ కనుబొమలో ఉన్న మచ్చను వేలితో తాకింది. తీసేటప్పటికి ముక్కు మీదా నుదుటి మీదా ఎర్రటి గాట్లు పడి ఉన్నాయి. రాత్రి మెడకు నూనె రాయమంది. మర్నాడు మళ్ళీ పెట్టమంది.

మూడో రోజు షెడ్డుకు పెట్టుకుపోతానంది. మాకెవరికీ అది తప్పనిపించలేదు. కళ్ళు పోయిన మనిషికి చూపు వస్తే పని ఇంకా బాగా చేస్తుందనుకున్నాం. మనవరాలు అయితే చాలా సంబరపడింది, మిగిలిన ఇళ్ళలో ఎవరూ పనిలో పెట్టుకోవడం లేదట. అక్క ఆ తొండంలేని ఏనుగు ముఖంతో షెడ్డులో కూర్చోగానే మగ్గాలు నడిపే ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఒకామె, "ఏం పెద్దమ్మా, చంద్రుడి మీదికి పోతా ఉండావా?" అని అడిగింది.

"పోతా ఉండా. నీ మొగుడు రెండు దినాలుగా కనపళ్ళేదంటివే, ఆడ ఉండాడేమో చూసొస్తా," అంది అక్క.

తర్వాత పడుగు వైపు తిరిగింది. ఆరేళ్ళకు పోగులను చూసింది. తెల్లవి, నీలివి, మధ్య మధ్య ఎర్రవి. అరవై ఏళ్ళ పనిలో వాటిని అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదని తర్వాత చెప్పింది. వాకిలి వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. మాట కూడా తక్కువైంది. ఒక బ్యాటరీ నడుస్తుండగా ఇంకోదాన్ని షెడ్డులోనే ఛార్జి పెట్టుకుంటూ కూర్చుంది. నాలుగు గంటల పనికి ఐదూ ముప్పావు పట్టింది. మగ్గం కదిలాక పంతొమ్మిది పోగులు ఊడాయి.

నేనూ ఒకసారి పెట్టుకుని చూశాను. చిటిక వేస్తే చప్పుడు ముందు వినిపించి వేళ్ళు తర్వాత కదిలాయి. వెంట్రుకంత తేడా. మనవరాలిని అడిగితే అంత ఆలస్యం అన్నిటికీ ఉంటుందనీ, కళ్ళు అలవాటు పడతాయనీ చెప్పింది. వాళ్ళిచ్చిన పుస్తకంలో వారం నుంచి పది రోజులు పడుతుందని ఉంది. రెండో పడుగుకు ఊడినవి ఇరవై ఏడు. మూడోదానికి ఇరవై ఆరు. అక్క ఆరోజు షెడ్డు నుంచి వస్తూ, వేళ్ళు తన మాట వినడం లేదు, తీసి పెట్టేదా అని నన్ను అడిగింది.

ఇక్కడ తప్పు నాది. మగ్గానికి కొత్త పన్నె, పోగులు దూర్చే దువ్వెన, వేస్తే మొదటి వారం పోగులు తెగుతాయి, తర్వాత సర్దుకుంటాయి. సంఘంలో ముప్పై ఒక్క ఏళ్ళూ నేను చూసిన లెక్క అది. ఇరవై ఏడు ఇరవై ఆరయిందంటే దిగడం మొదలైందనుకున్నాను. ఒకటి తగ్గినదాన్ని తగ్గడం అనుకున్నాను. వారం చూద్దాం అక్కా, పుస్తకంలో కూడా అట్లనే ఉందని చెప్పాను. నా లెక్క మీద అక్కకు ఎప్పుడూ నమ్మకమే. సరి అంది.

నాలుగో పడుగుకు ముప్పై మూడు. ఐదోదానికి నలభై ఒకటి. పదో రోజు పొద్దున అక్క హెడ్‌సెట్‌ను ఇంట్లో వదిలేసి, ఎప్పటిలా బూడిద డబ్బా ఒకటే తీసుకుని షెడ్డుకు వెళ్ళింది. నేను వెంట వెళ్ళాను. వాకిలి వైపు తిరిగి కూర్చుంది. మొదటి పోగు తీసుకుంది. తల దానంతటదే కిందికి, చేతుల మీదికి వంగింది. అక్కడ ఆమెకు కనపడేది మరకే. మేనత్త లాగా నేను గడ్డం పట్టుకుని తల పక్కకు తిప్పాను. కాసేపు నిలిచింది, మళ్ళీ వంగింది. వేళ్ళు రెండు కొసలనూ పట్టుకుని ఆగుతున్నాయి, ఎవరో సరే అనాలన్నట్టు. ఆ పడుగుకు ఊడినవి యాభై ఎనిమిది. మగ్గం నడిపే ఆమె ఆగుతూ అతుక్కుంటూ మధ్యాహ్నం దాకా ఒక్క లుంగీ కూడా దించలేదు.

ముదలాళి చెడ్డవాడు కాడు. మా ఇంటికే వచ్చి గడప దగ్గర నిలబడి, "పెద్దమ్మా, కొన్నాళ్ళు ఇంట్లో ఉండుకో. కండ్లు సరిపోయినాక చూస్తాం," అన్నాడు. కళ్ళకూ దీనికీ సంబంధం లేదని అతనికి చెప్పడానికి నేను నోరు తెరిచాను. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. మూడు రోజుల్లో పక్క ఊరి మిషన్ మా వీధికి వచ్చింది.

ఇంకా పదకొండు రోజులున్నాయి. పెట్టె మూసి మనవరాలికి ఇచ్చేద్దామన్నాను. అక్క ఒప్పుకోలేదు. రెండు బ్యాటరీల నాలుగు గంటలనూ ముక్కలు చేసుకుంది. మనవరాలు బస్సుకు పోయేముందు ఆమెను చూస్తూ ఇరవై నిమిషాలు, తిరిగొచ్చాక ఒక గంట, మిగిలింది నేనూ కోడలూ వీధిలో పోయేవాళ్ళూ. ముక్కు మీద గాయమైతే మెత్తటి గుడ్డ మడిచి పెట్టుకుంది. అరకిలో బరువుకు మెడ ముందుకు వాలి అలాగే నిలబడిపోయింది. తీసేశాక కూడా వాలే ఉండేది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూస్తూ ఉండేది. నా పనులు ఆగిపోతున్నాయని ఒకటి రెండుసార్లు విసుక్కున్నాను. అది కూడా నోటుపుస్తకంలో రాసి ఉంది.

ఇరవై ఒకటో రోజు మనవరాలు ఫారం తెచ్చింది. అది తమిళంలో ఉంది. మనవరాలు చదివి తెలుగులో చెబుతూ ఉంటే అక్క జవాబులిచ్చింది, నేను గళ్ళు నింపాను. ఈ పరికరాన్ని రోజూ పెట్టుకోవాలనుకుంటున్నారా? ఐదు గళ్ళు. నేను అక్క వంక చూశాను. పని పోగొట్టిన వస్తువు కదా, వద్దంటుందనుకున్నాను.

"రోజూ కావల్లని రాయి. నిద్ర లేసినప్పట్నుంచి కావల్ల."

దేనికి అని తర్వాతి ప్రశ్న. పని, ఆటలు, సినిమాలు, ఫోన్ మాటలు, ఇతరం. ఇతరం అంది. ఇతరం పక్కన చిన్న ఖాళీ గీత ఉంది. ఏం రాయాలని అడిగాను. "మొగాలు," అంది. ఆ గీతలో ఆ ఒక్క మాట పట్టింది.

మనవరాలు పెట్టె సర్దుకుని మర్నాడు ఆరూ నలభై బస్సుకు తీసుకుపోయింది.

ఫలితం వచ్చేసరికి నెల దాటింది. అన్నం తినేటప్పుడు మనవరాలే చెప్పింది. మొదటి వారం తర్వాత సగం ఇళ్ళలో పెట్టె తెరవలేదట. చెమట పడుతుందన్నారు, జుట్టు చెదురుతుందన్నారు. ఒకామె బిడ్డ తల్లి కళ్ళు కనపడక ఏడ్చాడట. రోజుకు సగటు పదిహేడు నిమిషాలు. జనం దీన్ని రోజూ పెట్టుకోరని రాసి పంపేశారు. మాది ఎంతని నేను అడిగాను. రెండు వందల ఇరవై ఆరు నిమిషాలని నాకు తెలుసు, నేనే రాశాను. మనవరాలు కంచంలోకి చూస్తూ, "అవ్వా, ఒక్క ఇల్లే అంత ఎక్కువుంటే సగటు చెడిపోతాదని మనది తీసేసినారు," అంది.

చెయ్యి కడుక్కున్నాక కాగితం మీద వేసి చూశాను. మిగిలిన ముప్పై తొమ్మిది ఇళ్ళు, పదిహేడు చొప్పున ఆరు వందల అరవై మూడు. మాది కలిపి నలభైతో భాగిస్తే ఇరవై రెండు. ఐదు నిమిషాలు పెరిగేది, అంతే. అప్పుడు కూడా వాళ్ళు రాసేది అదే. వాళ్ళను తప్పు పట్టలేను. సంఘంలో ఒక్క మగ్గం అంకె మిగతావాటికి అంత దూరంగా కనిపిస్తే నేనూ పక్కకు తీసి పెట్టేదాన్ని.

ఇప్పుడు అక్క రోజూ మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని, షెడ్డులో పారేసిన పడుగు కొసలు తెచ్చుకుని అతుకుతుంది. నూరు అతుకులు. అయ్యాక ఒక్కొక్కటి నేను లాగి చూస్తాను. మొదటి రోజు ముప్పై ఏడు ఊడాయి. తర్వాత ముప్పై ఆరు. నేను ఆ తగ్గినదాన్ని పైకి చెప్పలేదు. ఆ తర్వాత ముప్పై ఎనిమిది. నిన్నటికి యాభై మూడు రోజులైంది, నిన్న ముప్పై ఏడు. సగటు వెయ్యడం మానేశాను.

నిన్న మళ్ళీ ఆమె తల చేతుల మీదికి వంగితే, చూడొద్దక్కా అన్నాను.

"చూడకుండా ఉండేది మరిచిపోయినా మే," అంది. చేతిలో ఉన్న పోగును ఇంకా వదల్లేదు. "నీకు ఏడు నెలలైనా రాలేదే, అది ఎట్లుంటాదో ఇప్పుడు తెలిసింది."

ఇంకో నూరు కొసలు అందించమంది. లెక్కపెట్టి ఇచ్చాను.