లేవని చెయ్యి

మాది ఆత్రేయపురం. ఇంట్లోనే పూతరేకులు చేసి అమ్ముతాం. కిందటేడు మా కోడలు కుండ మీద తీసే రేకులు తరచూ చిరిగిపోయేవి. పిండి దండగవుతోందని నాకు ఒళ్ళు మండి, ఇరుగుపొరుగు వాళ్ళ ఎదుటే, "పిండి నీ పుట్టింటి నుంచి వస్తోందా? చెయ్యి కదపడానికి బద్ధకం నీకు" అన్నాను. కోడలు చిరిగిన రేకు పక్కన పెట్టి, గుడ్డ మళ్ళీ పిండిలో ముంచింది.

ఒకరోజు తల దువ్వుకుంటూ నొప్పికి ఏడుస్తుంటే అమలాపురం తీసుకెళ్ళాను. డాక్టరుగారు చెయ్యి ఎత్తమన్నారు. భుజం దాటి లేవలేదు. బల్ల మీది ఎముకల బొమ్మ చూపించి, "ఇదిగో, ఈ కీలు బిగుసుకుపోయింది. ఎన్నాళ్ళయిందమ్మా?" అన్నారు.

"ఆర్నెల్లయిందండి. చెబితే సాకనుకుంటారండి మా అత్తయ్యగారు."

డాక్టరుగారు నా వైపు చూశారు. నేను ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు రోజూ కోడలికి జడ నేనే వేస్తున్నాను. వెనక కూర్చుంటాను కాబట్టి దాని మొహం చూడక్కరలేదు.