బేస్తవారం రాత్రి మగ్గం చప్పుడు

ఇది నాకు జరిగింది. ఎవరో చెబితే విన్నది కాదు. కల కాదు. మా ఇళ్ళలో ఒట్టు పెట్టాలంటే మగ్గం మీద చెయ్యి వేస్తాం. ఇప్పుడు వేసే చెబుతున్నాననుకోండి. నవ్వాలనుకున్నవాళ్ళు ముందే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది... నా కోపం సంగతి మా వీధి వీధికీ తెలుసు.

మాది అరవదేశంలో వేలూరు పక్కన గుడియాత్తం. ఇంటి వెనక గదిలో, గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునే గుంట మగ్గం. మా ఆయన ఏకాంబరం లుంగీలు నేస్తాడు, నేను నూలు కండెలు చుట్టి ఇస్తాను. మొగుడి పేరు చెబితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అత్త గొణుగుతుంది. సారాయి తగ్గించినంత నేను తగ్గించలేదులే అంటాను.

మగ్గం చప్పుడు బయటివాళ్ళకు అన్నీ ఒకటే. మాకు కాదు. పక్కింట్లో మగ్గం మోగితే తండ్రి కూర్చున్నాడా కొడుకు కూర్చున్నాడా చెప్పేస్తాం. మనిషి ఇంట్లో ఉన్నాడో లేదో తలుపు తట్టి అడగం. చెవితో చూస్తాం, అంతే.

పెళ్ళయిన కొత్తలో ఆయన దెబ్బ ఎలా ఉండేదంటే... నాడె ఇటు నుంచి అటు పోయేది, టక్. పలక వచ్చి గుద్దేది, దబ్. టక్... దబ్. టక్... దబ్. ఉయ్యాల తొట్టిలో బిడ్డ నిద్రపోయేటంత నిదానం. తాగుడు ముదిరాక చేతులు వణకడం మొదలైంది. రెండు దెబ్బలు పడేవి, ఆగిపోయేది. పోగు తెగేది. తిట్టుకుంటూ ముడివేసేవాడు. మళ్ళీ రెండు దెబ్బలు. ఆ కుంటి చప్పుడు వింటుంటే నాకు ఏడుపొచ్చేది.

చివరికి వేలూరులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. తాగుడు మాన్పించే విభాగం ఒకటుంది అక్కడ. మంచం మీద పడుకోబెట్టరు. వారం వారం పోవాలి, చూపించుకోవాలి, మాట్లాడాలి, మాత్రలు తీసుకుని ఇంటికి రావాలి. ఇంటి నుంచి ఒక మనిషి వెంట ఉండి తీరాలి. అక్కడి సిస్టరమ్మది కాట్పాడి వైపు. మాతో తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగించేది.

"తాగుడు నిలిపినాక కొంతమందికి లేనివి కనపడతాయి, వినపడతాయి. పయపడాదమ్మా. వాదన పెట్టుకోవద్దు. లైటు వెయ్యి. ఇయ్యాల ఏ వారమో చెప్పు. ఏ ఊరో చెప్పు. నువ్వెవురో చెప్పు. ఇట్లాంటిది జరిగితే మాత్రం తెల్లారేదాకా చూడొద్దు, అప్పుడే తీసుకొచ్చెయ్" అంది నాతో.

ఆయనకు ఇంకో మాట చెప్పింది. "తాగాలనిపిస్తే లేచి పోవద్దన్నా. కొంచేపు ఆపు. అది దానంతట అదే తగ్గతాది. ఆ కొంచేపూ ఒంటిగా ఉండొద్దు, మీవాళ్ళని పిలుచుకో."

ఆమె చెప్పినట్టే అయింది. తాగుడు నిలిపిన కొద్దిరోజులకే ఒక రాత్రి లేచి కూర్చుని గాల్లో వేళ్ళు ఆడిస్తున్నాడు. "పోగులన్నీ తెగిపొయినాయి, చూడు, పట్టుకో" అంటున్నాడు. లేని పోగుల కొనలు నాలుకతో తడిపి, ముడి మీద ముడి వేస్తున్నాడు. లైటు వేశాను. ఇయ్యాల సోమవారం అన్నాను. ఇది గుడియాత్తం, నేను నీ పెండ్లాన్ని అన్నాను. నా చేతిలో కూడా ఒక పోగు పెట్టాడు. ఏమీ లేని చేతిని నేను గట్టిగా మూసుకున్నాను. మా మరిది దాము బండి మాట్లాడితే అప్పటికప్పుడే ఆసుపత్రికి పోయాం. మందులు మార్చారు. తేరుకున్నాడు.

తర్వాత మంచి రోజులే వచ్చాయి. అన్నం అడిగి వడ్డించుకునేవాడు. చారులో ఉప్పు తక్కువైందని వంకలు పెట్టేవాడు. వంక పెడితే నాకు ఎంత సంతోషమో. చేతి వణుకు పూర్తిగా పోలేదుగానీ మగ్గం మీద కాసేపు కూర్చునేవాడు.

ఆ బేస్తవారం ఆసుపత్రికి పోవాలి. అత్తకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. నేను కదల్లేను. దాము పనికి పోయాడు.

"నేను పొయ్యొస్తాలే. ఏం, చంటిబిడ్డనా?" అన్నాడు.

"నేరుగా పో, నేరుగా రా" అన్నాను.

సాయంత్రానికి రావాలి. రాలేదు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. దీపాలు పెట్టే వేళ దాటింది. బస్సు బస్సుకీ వీధి చివరికి పోయి చూసి వచ్చాను. చీకటి బాగా ముదిరాక దాము పని నుంచి వచ్చాడు. అన్నం కూడా తినకుండా బండి తీశాడు.

"నువ్వు తలుపేసుకోని ఉండు వదినా. కాట్పాడి దాకా చూసుకుంటా పొయ్యొస్తా" అన్నాడు.

గొళ్ళెం పెట్టాను. అత్త నుదుటి మీద తడిగుడ్డ మార్చాను. వీధిలో మగ్గాలన్నీ నిద్రపోయాయి. ఎక్కడో కుక్క ఒకటి మొరిగి ఊరుకుంది.

అప్పుడు...

టక్... దబ్.

వెనక గదిలోంచి.

టక్... దబ్. టక్... దబ్.

నా ప్రాణం లేచొచ్చింది. వచ్చేశాడు. ఆలస్యమైందని సిగ్గుపడి, పెరటి దారిన వచ్చి కూర్చున్నాడు. అత్త కళ్ళు తెరిచింది. కాసేపు విన్నది.

"మునుపటి దెబ్బ..." అంది. "వాని మునుపటి దెబ్బ పాపా."

నిజమే. కుంటడం లేదు. ఆగడం లేదు. పెళ్ళయిన కొత్తలో విన్నదే. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. జ్వరం చేతిని నా చేతిలో పెట్టుకుని ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం కూడా.

దాముకు ఫోను చేశాను. "వచ్చేసినాడు. మగ్గం మోగతా ఉండాది. నువ్వు తిరుక్కో" అన్నాను.

"ఆఁ... నాకూ వినపడతా ఉండాది వదినా" అన్నాడు. ఫోనులోంచే విన్నాడు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే మాట చెప్పాడు. అప్పటికి కాట్పాడి దారిలో కే.వి.కుప్పం దాటుతున్నాడట. బండి తిప్పుకుని తన ఇంటికి పోయాడు.

మగ్గం మీద ఉన్న మనిషిని మేం పిలవం. తనంతట తాను లేచేదాకా చూస్తాం. సరే, లేవనీ అనుకున్నాను. అన్నం వేడి చేసి పెట్టాను. చాలాసేపు చూశాను. ఒక్కసారైనా నీళ్ళకు లేవలేదు. బీడీకి లేవలేదు. నూలు అయిపోతే కండె మార్చేందుకైనా చప్పుడు ఆగాలి కదా... ఆగలేదు.

లేచి వెనక్కు పోయాను.

తలుపు కింద వెలుగు లేదు.

గది చీకటిగా ఉంది. చీకట్లో ఎవరు నేస్తారు? తలుపు మీద చెయ్యి పెట్టాను. చెక్క అదురుతోంది. దెబ్బ పడ్డప్పుడల్లా... నా అరచేతిలోకి వస్తోంది. టక్... దబ్. మెల్లిగా తోశాను. లోపల ఏమీ కనబడలేదు. వినబడుతోంది. తొక్కుడు కర్ర కిర్రుమంటోంది. నాడె పోతోంది. ఊపిరి... నాదో, ఇంకొకరిదో తెలియలేదు.

నాకు సిస్టరమ్మ గుర్తొచ్చింది. తాగుడు మానింది ఆయన. వినబడుతోంది నాకు. అయినా పైకే చెప్పుకున్నాను. "ఇయ్యాల బేస్తవారం. ఇది గుడియాత్తం. నేను... నేను నీ పెండ్లాన్ని."

పుట్... అని సన్నగా ఒక పోగు తెగింది.

చప్పుడు ఆగిపోయింది.

పోగు తెగితే నేతగాడు ఆగి ముడివేస్తాడు. ఆ మౌనం నాకు అలవాటే. ముడి పడేదాకా నిలబడ్డాను. మళ్ళీ మోగుతుందని నిలబడ్డాను. మోగలేదు.

లైటు వేశాను. గుంటలో ఎవరూ లేరు. పెరటి తలుపు గడియ లోపలి నుంచి వేసే ఉంది. గుడ్డ పెరిగిందా అంటే... పొద్దున ఎంత ఉందో నేను చూసి పెట్టుకోలేదు. ఒక పోగు మాత్రం తెగి వేలాడుతోంది. పట్టుకున్నాను. కొన తడిగా ఉంది. ముడివేసే ముందు నాలుకతో తడుపుతాం కదా... అలా.

దాముకు మళ్ళీ ఫోను చేసి ఏదో వాగాను. ఏం అర్థమైందో ఏమో, మళ్ళీ బండి తీశాడు. తెల్లారుతుండగా వాళ్ళన్నను వెనక కూర్చోబెట్టుకుని, పడిపోకుండా తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని తెచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు. అంత దూరానికే వాసన వచ్చింది.

నేను తిట్టలేదు. నా జన్మలో మొదటిసారి తిట్టలేదు. కాళ్ళు కడిగి పడుకోబెట్టాను.

మధ్యాహ్నానికి మత్తు దిగాక గోడవైపు తిరిగి చెప్పాడు. ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ కాట్పాడిలో బస్సు మారేటప్పుడు సారాయి అంగడి కనబడిందట. సీసా కొన్నాడట. తాగలేదట.

"సిస్టరమ్మ చెప్పినట్లే ఆపినానే. మూత తియ్యకుండా పక్కన పెట్టుకోని కూర్చున్నా. ఫోనులో చార్జి లేదు. దాముగాడు వస్తాడు, నాలుగు తిట్టి ఎక్కించుకోని పోతాడు అనుకున్నా. ప్రతి బండీ వాడిదే అనుకుంటి. శానాసేపు చూస్తిని. బండ్లు కూడా నిలిచిపొయినాయి. ఇంగ ఎవురూ రారులే అని... అప్పుడు తీసినా."

నా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మళ్ళీ ఆసుపత్రికి పోతున్నాం. జారితే జారారు, రావడం మాత్రం మానొద్దు అంది సిస్టరమ్మ. ఆ రాత్రి సంగతి ఒకరోజు పక్కకు పిలిచి ఆమెకూ చెప్పాను. నిద్రలేక, దిగులుతో అలా వినబడుతుంది అంది. అత్తకు జ్వరం అంది. మరి దాముకు? ఆమె తర్వాతివాళ్ళ చీటీ తీసి పేరు పిలిచింది. అది ఏమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు. మంచి చెయ్యడానికి వచ్చిందో చెడు చెయ్యడానికి వచ్చిందో కూడా తెలియదు. అంత చక్కటి దెబ్బ మళ్ళీ వినలేదు.

ఆయన మాత్రం అప్పుడప్పుడూ అడుగుతాడు. కోపంగా కాదు. బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ అడుగుతాడు.

"ఆ పొద్దు నన్ను ఎతుక్కోని ఎవురూ ఎందుకు రాలేదే?"

ఏం చెప్పమంటారు? నువ్వు ఇంట్లోనే ఉన్నావు, అందుకని రాలేదు అని చెప్పనా?