అమ్మ వాంగ్మూలం

దుబాసీ పనికి శిక్షణ ఇచ్చేటప్పుడు మొదట నేర్పింది నోరు మూసుకోవడం. రోజంతా మాట్లాడే ఉద్యోగానికి ఇదేం పాఠమని నవ్వుకున్నాను. అవతలి మనిషి ‘నేను’ అంటే మనమూ ‘నేను’ అనే చెప్పాలి. అన్నది అన్నట్టు చెప్పాలి. సలహాలివ్వకూడదు, సంజాయిషీలు కలపకూడదు. ఊరుకునే గుణం నాకు పుట్టుకతోనే లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఏరికోరి ఇందులోనే చేరాను.

ఆ రోజు మా ఇల్లున్న టకానినిలో రైలెక్కి ఆక్లాండ్ సిటీలో దిగేసరికి ఒకటే వాన. ఇంటర్వ్యూ గదికి కిటికీ కూడా లేదు. శరణు కోరుతున్న మనిషి నాకంటే బాగా చిన్నవాడు. నోరు విప్పగానే గోదావరి వైపు వాడని తెలిసిపోయింది. ఊళ్లో దొంగతనంగా ఏటి ఇసుక తవ్వుతున్నవాళ్ల మీద ఇతనూ ఇతని తమ్ముడూ కేసు పెట్టారు. చంపుతామని బెదిరింపులు మొదలయ్యాయి. ఇతను విజిటర్ వీసా మీద బయలుదేరి, ఇక్కడ విమానం దిగగానే కౌంటర్ దగ్గరే శరణు అడిగాడు. చట్టం చూసేది ఒక్కటే, వెనక్కి వెళ్తే ప్రాణానికి ముప్పుందా లేదా అని. ఆ సంగతి పక్కనే కూర్చున్న లాయరు అతనికి ముందే నూరిపోశాడట.

ఇంటర్వ్యూ చేసే ఇమిగ్రేషన్ ఆఫీసరు మర్యాదస్తురాలు. మంచినీళ్లు తనే తెచ్చి పెట్టింది. ఆ మర్యాద తగ్గకుండానే అడిగింది.

“ఎయిర్‌పోర్టులో మీ తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పారు. ఇప్పుడేమో మీరు విమానం ఎక్కకముందే వాళ్లు అతన్ని లారీతో గుద్ది చంపేశారంటున్నారు. ఏది నిజం?”

“అప్పుడు నాకు తెలిసింది అదేనండి. మా మావయ్య ఫోన్ చేసి, ‘తమ్ముడికి దెబ్బలు తగిలాయిరా, ఆసుపత్రిలో ఉన్నాడు, నువ్వు ముందు విమానం ఎక్కెయ్’ అన్నాడండి. అసలు సంగతి నేను ఇక్కడ కాస్త కుదురుకున్నాకే చెప్పాడు.”

“పోయిన మనిషి బతికే ఉన్నాడని సొంత మేనమామ ఎందుకు చెప్తాడు?”

అతను నా వైపు తిరిగాడు. “మనోళ్లు అలాగే చెప్తారు కదండీ మేడమ్. మీకు తెలీదా?”

ఎందుకు తెలియదు! మా అమ్మమ్మ పోయినప్పుడు నాకొచ్చిన కబురూ అదే. ఒంట్లో బాగాలేదు, నిన్ను చూడాలంటోంది, బయలుదేరు అన్నారు. దూరాన ఉన్నవాళ్లకి చావు కబురు ఉన్నపళంగా చెప్పం. దారిలో ఏమైపోతారోనని భయం. ఆ ఒక్క ముక్క ఇంగ్లీషులో చెబితే ఆవిడకి అర్థమయ్యేది. కానీ చెప్పడం నా పని కాదు. అతను నన్నే అడిగాడని చెప్పి, ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టు అప్పజెప్పి ఊరుకున్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు, అన్నీ తెలిసీ బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవలసిన నా ఉద్యోగం మీద.

లాయరు కలగజేసుకున్నాడు. పోలీసులు ఆ చావుని మామూలు యాక్సిడెంట్ కింద రాసేశారు. మేనమామ భయపడి దేని మీదా సంతకం పెట్టనన్నాడు. ఇంటికొచ్చి చంపుతామన్నవాళ్లని కళ్లారా చూసిన మనిషి ఇక తల్లి ఒక్కతే. కాస్త గడువిస్తే ఆవిడ వాంగ్మూలం తెప్పిస్తానన్నాడు. సరేనంది ఆఫీసరు. నాకు ప్రాణం లేచొచ్చింది.

“వద్దండి,” అన్నాడతను. “మా అమ్మకి తెలీదండి. తమ్ముడికి అలా జరిగినప్పుడు గుండె ఆపరేషనై హైదరాబాదులో మా అక్క దగ్గరుంది. మేమిద్దరం కలిసే ఇక్కడికొచ్చేశామని చెప్పారు. తమ్ముడు నాతోనే ఉన్నాడనుకుంటోంది. ఫోన్ చేసినప్పుడల్లా వాడికివ్వు, వాడికివ్వు అంటాదండి. డ్యూటీకెళ్లాడమ్మా అంటాను.”

‘నా తమ్ముడు నాతోనే ఉన్నాడని మా అమ్మ అనుకుంటోంది’ అని ఇంగ్లీషులో నా నోటితో నేను అనాలి. అన్నాను. దుఃఖం కూడా అతనిదే, నాకు అందులో వాటా లేదని శిక్షణలో చెప్పారు. అదంతా వట్టి మాట.

ఆఫీసరు మెల్లగా అడిగింది. “వెనక్కి వెళ్లాల్సి వస్తే ఆవిడకి ఎలాగూ తెలుస్తుంది కదా?”

ఇంగ్లీషులో అది మెత్తగానే ఉంది. తెలుగులో ఎంత మెత్తగా అడగాలన్నా నాకు చేతకాలేదు. “మీరొక్కరే వెళ్తే మీ అమ్మగారికి తెలిసిపోదా?” అన్నాను. అతను నన్ను చూసిన చూపు, ఆ మాట నేనే పుట్టించినట్టుంది.

ఏడుస్తూ అన్నాడు.

“అందుకేనండి నన్ను పంపొద్దంటున్నాను. వాళ్లు చంపేస్తారని కాదండి. చంపితే చంపనీండి. నేనొక్కణ్ణే గుమ్మంలో నించుంటే మా అమ్మ నా ఎనకాల చూస్తాదండి, వాడేడీ అని.”

లాయరుకి తెలుగు రాదు. ఆఫీసరుకీ రాదు. ఇద్దరూ నా నోటి వంక చూస్తున్నారు. వాళ్లు చంపేస్తారని కాదు అన్న మాట ఒక్కటి మింగేస్తే, ఆ గదిలో ఎవరికీ తెలియదు.

అన్నది అన్నట్టు చెప్పాను. లాయరు కళ్లు మూసుకున్నాడు. ఆఫీసరు టైప్ చేసుకుంది.