నాయినను బండ దించిన రోజు

ఇల్లందు పక్క గుట్టల మీద బండలెక్కించే గైడుగ నా ట్రైనింగు. ఆఖరి పరీక్షల, ఎన్నడూ తాడు పట్టని మనిషిని నేను నిలువు బండ మీదినుంచి కిందికి దించాలె. చూడటానికొచ్చిన నాయిన "నన్ను దించు" అని ముందుకొచ్చిండు. ఏండ్లపాటు బొగ్గుబాయిలకు దిగిన మనిషే, అంచు దగ్గరికి రాంగనే రెండడుగులు వెనక్కేసిండు.

"బాయిల చీకటికి లోతు కనబడదు బిడ్డా. ఇక్కడంతా కనబడుతుంది."

"కిందికి చూడకు నాయినా, నా మొఖం చూసుకుంట వెనక్కి వాలు" అన్న. తాడును రెండు చేతులతోటి బిగబట్టిన.

వాలిండు. తాడు మెల్లమెల్లగ వదిలిన. సగం దిగినంక ఆపమన్నడు. భయపడ్డడేమో అనుకున్న. కాదు, తల తిప్పి అడవిని చూస్తున్నడు.

పక్కన ట్రైనర్ సారు "పాసైనవ్" అంటుంటే నాకు సగమే వినబడ్డది. నేల మీద కాలు పెట్టిన నాయిన కేకేస్తున్నడు: "ఇంకోసారి దించుతవా?"