సముద్రం మీద నడిచిన బండి

కూర్మయ్య సముద్రం దాటి వచ్చిన తెలుగు కూలీల ఎస్టేట్లలో పడం, అంటే సినిమా, వేసేవాడు. ఇరవై రెండేళ్ల వయసులో ప్రొజెక్టరూ తెల్లగుడ్డా లారీలో వేసుకుని సుంగై సుమున్ చుట్టుపక్కల తోటలన్నీ తిరిగాడు. కూలీల కుటుంబాలు చాపలు తెచ్చుకుని ముందే చోటు పట్టుకునేవి. ఒక వానాకాలం తమిళ పడం రీళ్లు అందలేదు. తోట దొర దేశం వదిలిపోతూ ఇచ్చిన స్వీడన్ మూకీ ఒక్కటే చేతిలో ఉంది. దయ్యాల కథ. మధ్యమధ్య వచ్చే అక్షరాలు ఎవరికీ తెలియవు. కూర్మయ్య తెర పక్కన నిలబడి, తోచిన కథ తెలుగులో చెప్పేశాడు.

అందులో నీడలాంటి గుర్రపుబండి ఒకటి కెరటాల మీదుగా పోతుంది. "సచ్చిపోయినోళ్లని సిక్కోలు ఒడ్డుకి తోలుకెల్తన్నాది," అన్నాడు. తమ తాతలు ఓడెక్కిన ఆ ఒడ్డు పేరు వినగానే జనం తెరకు దగ్గరగా జరిగారు.

ఆట అయ్యాక నూకమ్మ అనే పన్నెండేళ్ల పిల్ల లారీ దగ్గరికి వచ్చింది. వారం కిందటే తల్లి పోయింది.

"మాయమ్మ ఎక్కినాదా అన్నా?"

"ఎక్కినాది," అన్నాడు కూర్మయ్య.

ఆ రీలు తెగి తెగి చివరికి పనికిరాకుండా పోయింది. ఇప్పుడాయనకు ఎనభై దాటాయి. పోర్ట్ క్లాంగ్‌లో గోదాము ఉద్యోగం చేసే మనవరాలు మోగన చిన్నప్పటినుంచీ ఈ ముచ్చట విన్నదే. ఆ సినిమాను శుభ్రం చేసి డిస్కుగా తెచ్చారని ఇంటర్నెట్‌లో చూసి తెప్పించింది.

"తాతా, ఇదేనా సూడు లా," అని ఆ దేశపు అలవాటుగా చివర 'లా' చేర్చి అంటూ టీవీలో పెట్టింది.

అదే. పాత రీలు మీద వానలా పడే గీతలు ఇప్పుడు లేవు. దయ్యం కోటు గుండా వెనక గోడ కూడా తేటగా కనబడుతోంది. కూర్మయ్య కుర్చీని టీవీ దగ్గరికి జరుపుకున్నాడు. కింద వస్తున్న ఇంగ్లీషు అక్షరాలను మోగన తనకు వచ్చిన తెలుగులో చెబుతూ పోయింది. బండి ఎవరినీ ఏ ఊరికీ చేర్చదు. పోయినవాళ్ల ప్రాణాలు ఏరుకుంటూ తిరుగుతుంది, అంతే. బండి తోలడం ఆ తోలేవాడికి పడిన శిక్ష.

కూర్మయ్య ఆపమన్నాడు. "నూకమ్మకి అబద్ధం సెప్పినాను," అన్నాడు.

మరుసటి ఆదివారం మోగన డిస్కు సంచిలో వేసుకుని ఆయన్ని కారులో బాగన్ దాతుక్ తీసుకెళ్లింది. నూకమ్మ ఇప్పుడు అక్కడ తన కొడుకు దగ్గర ఉంటోంది. కూర్మయ్య కూర్చోకుండానే సంగతంతా చెప్పేశాడు. ఆమె అంతా విని అడిగింది.

"బండి సముద్రం మీద పోయినాదా లేదా?"

"పోయినాది."

"అది నువ్వు పెట్టినావేటి?"

"నేదు. పడంలోనే ఉన్నాది."

"మరింకేటన్నా. ఎయ్యి, సూద్దాం."

మోగన కింది అక్షరాలు రాకుండా చేసింది. కూర్మయ్య టీవీ పక్కన నిలబడ్డాడు. రెండు మాటలు దాటేసరికి పాత వరస అదే వచ్చేసింది. నూకమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఒకచోట చెయ్యెత్తి ఆపింది.

"ఈడ బండోడు దిగి సుట్ట ఎలిగించినాడని సెప్పినావు."

"సెప్పినానా?"

"సెప్పినావు."

కూర్మయ్య వెనక్కి తిప్పమని, ఈసారి చుట్టతో సహా చెప్పాడు.