పిట్ట ముట్టలేదు

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి నుంచీ నవ్వే. నస్పూర్‌లో సర్కారు బడిలో సైన్సు చెప్తాను. మూడు బాటల కాడ దిష్టి తీసి పడేసిన నిమ్మకాయను చూసి పిల్లలు భయపడుతుంటే, దాన్ని చేత్తో తీసి, ఇంటికి తెచ్చి పులిహోర చేసుకున్న మనిషిని. ఇది చదివి టీచరమ్మకు కూడా మతి పోయిందనుకునేవాళ్లు అనుకోండి. ఆ అనుమానం నాకూ ఉంది.

నా భర్త రాజేశం బొగ్గుబాయిలో పనిచేసేవాడు. పదహారేళ్లు భూమి కింద పని. ఆ పదహారేళ్లూ వేళగాని వేళ బాయి సైరన్ మోగితే, ఏం ప్రమాదమోనని నా చేతిలో ఉన్న గిన్నె కింద పడేది. బాయిలో ఆయనకు గోరు కూడా విరగలేదు. చివరికి ఒక ఆదివారం పొద్దున, మంచి ఎండలో, కొత్తిమీర తెస్తానని బండి మీద పోయి, మంచిర్యాల రోడ్డులో లారీ తగిలి చనిపోయాడు. కొత్తిమీర కట్ట మాత్రం సంచిలో నలగకుండా ఇంటికొచ్చింది.

నన్ను విరిచింది అదే. ఇన్నేళ్లూ భయపడాల్సింది ఒకటి, నేను భయపడింది ఒకటి. రేపు ఏమవుతుందో ఇంత కూడా తెలియనప్పుడు ఇంకా దేన్ని పట్టుకుని బతకాలి? మాకు పిల్లలు కూడా లేరు. మూడో రోజుకల్లా మనసులో ఒక నిర్ణయానికి వచ్చాను. దినాలు అయిపోవాలి, చుట్టాలు వెళ్లిపోవాలి, ఆ తర్వాత నేనూ ఆయన వెనకే పోవాలి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. కంట్లో నీళ్లు కూడా రాలేదు. అందరూ గట్టి మనిషి అన్నారు.

మూడో రోజు గోదావరి ఒడ్డుకు పిట్టకు పెట్టడానికి పోయాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, దూరం జరిగి చూస్తాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే ఆ మనిషికి ఏదో కొరత మిగిలిపోయిందని లెక్క. అది తీరుస్తామని ఒక్కొక్కరూ మాట ఇవ్వాలి. పిట్ట ముట్టేదాకా ఎవరూ ఇంటికి కదలరు.

అన్నం, మటన్ కూర, గారెలు, ఒక గ్లాసు చాయ పెట్టాం. పొద్దున తొమ్మిదైంది. ఒక్క కాకీ ముట్టలేదు, కాకులు లేక కాదు. మాకు కాస్త అవతల ఇంకో ఇంటివాళ్లు పెట్టిన విస్తరిని అయిదు నిమిషాల్లో ఊడ్చేశాయి. మా విస్తరి దగ్గరికి వచ్చి, చుట్టూ తిరిగి, పోయి బండ మీద కూర్చున్నాయి. కూర వేడిగా ఉందేమో అనుకున్నాను. చల్లారింది. మంది ఎక్కువున్నారేమో అనుకున్నాను. అందరినీ వెనక్కి జరిపారు. వాటికి కడుపు నిండిందేమో అనుకున్నాను. కొత్తగా ఇంకో నాలుగు వచ్చాయి. అవీ ముట్టలేదు.

మా మరిది తిరుపతి ముందుకు పోయి దండం పెట్టాడు. "అన్నా, అవ్వ గురించి ఫికర్ పెట్టుకోకు. నా దగ్గర్నే ఉంటది."

కాకి రాలేదు. వాళ్ల అవ్వ, మా అత్తమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "యాళ్లకు తింట కొడుకా, గోలీలు ఏసుకుంట. జర ముట్టు బిడ్డా."

అయినా రాలేదు. ఆయనతో బాయిలో పనిచేసిన ఒకాయన చాయ గ్లాసు తీసేసి చిన్న మందు సీసా పెట్టాడు. "గిదే మర్చిపోయినం రాజేశం" అన్నాడు. ఆ దుఃఖంలోనూ నలుగురు నవ్వారు. కాకి మాత్రం బండ దిగలేదు. పదకొండు దాటింది.

అప్పుడు అత్తమ్మ నా వైపు తిరిగింది. "నువ్వొక్కదానివే ఏమనలే బిడ్డా. ఒక్క మాట అను."

నాకు కోపం వచ్చింది. కాకితో మాట్లాడే గతి పట్టిందా అనిపించింది. కానీ ముసలామె ఎండలో మాడిపోతోంది. పోయి విస్తరి ముందు కూర్చుని, అందరికీ వినబడేట్టు అన్నాను. "నేను మంచిగనే ఉంట. నా గురించి పరేషాన్ కాకు."

ఒక కాకి దిగింది. విస్తరికి జానెడు దూరం దాకా వచ్చి, తల పక్కకు తిప్పి నన్ను చూసింది. కాకులు అట్లాగే చూస్తాయి, వాటి కళ్లు పక్కలకు ఉంటాయి కాబట్టి. ఆ పాఠం చెప్పేది నేనే. చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

రాజేశం అచ్చం ఇంతే. నేను ఏదో మనసులో పెట్టుకుని "ఏం లేదు" అంటే వాదించేవాడు కాదు. కంచం పక్కకు జరిపి కూర్చునేవాడు. నిజం చెప్పేదాకా ముద్ద ముట్టేవాడు కాదు. ఈ అలవాటు మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

గొంతు తగ్గించి, వెనక ఎవరికీ వినబడకుండా చెప్పాను. "నాకు బతకబుద్ధి అయితలేదు. బతుకుత అని మాటియ్యలేను. దినాలైనంక ఒకసారి బడికి పోత. పదో తరగతోళ్లకు కంటి పాఠం సగంల ఆగింది. అది చెప్త. గంతకు మించి నాతోని కాదు."

నేను లేవకముందే అది అన్నం ముట్టింది. నా చెయ్యి అందేంత దగ్గర. వెనక అందరూ "ముట్టింది, ముట్టింది" అని అరిచారు. నేను అక్కడే కూలబడి మూడు రోజుల ఏడుపు ఏడ్చాను.

కంటి పాఠం చెప్పాను. తర్వాత ప్రతి మాసికానికీ విస్తరి ముందు ఏదో ఒక చిన్న మాట ఇచ్చాను. పిల్లల పరీక్షలయ్యేదాకా ఉంట. అత్తమ్మ కంటి ఆపరేషన్ అయ్యేదాకా ఉంట. పెద్ద కారణం ఎప్పుడూ దొరకలేదు. చిన్నవే ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నేను చెప్పేదాకా కాకి ముట్టేది కాదు. తిరుపతి ప్రతిసారీ చూశాడు.

మొన్న ఏడాది మాసికం. చెప్పాల్సిన మాట తయారు చేసుకునే పోయాను. విస్తరి కింద పెట్టి చెయ్యి ఇంకా తీయనే లేదు, కాకి వచ్చి తినడం మొదలుపెట్టింది. "నిమ్మళమైండు నా కొడుకు" అని అత్తమ్మ ఎంత సంతోషపడిందో. నాకు మాత్రం ఆయన ఆ రోజు రెండోసారి పోయినట్టు అనిపించింది.

ఇదంతా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆకలి అనుకున్నాను, అలవాటు అనుకున్నాను, నా మనసే నాతో ఆడుకుందనుకున్నాను. ఏదీ పూర్తిగా అతకలేదు. పిల్లలెవరైనా అడిగితే తెలియదనే చెప్తాను.

ఆ రోజు అందరూ ఆటో ఎక్కాక నేను వెనక్కి వచ్చి ఖాళీ విస్తరి ముందు కూర్చున్నాను. ఇంక నన్ను అడిగేవాళ్లు ఎవరూ లేరు. అయినా తెచ్చుకున్న మాట చెప్పే లేచాను.

"రేపు బడి ఉన్నది. పోత."