మా నాయన చెక్కిన సీతాఫలం పైపు

మా చిన్నప్పుడు... దిల్‌సుఖ్‌నగర్ ఇంటి ముందు రేకుల కింద నాయన తరిమెన తిరుగుతుంటే, కర్రపొట్టు ఎగిరి అమ్మ ఆరేసిన వడియాల మీద పడేది. మంచం కోళ్లు, చపాతీ కర్రలు, చదరంగం బంట్లు... ఏ కర్రనైనా దాని మీద తిప్పి గుండ్రంగా చేసేవాడు. నల్లగొండ పక్క పల్లె నుంచి ఆయన తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే.

పొగతాగే పైపులు కూడా చేసేవాడు. జిట్రేగి కర్ర చేవతో... అద్దంలా నున్నగా. అందులో ముఖం కనపడకపోతే ఇల్లు దాటనిచ్చేవాడు కాదు.

మొన్న ఈ గ్రూపులోనే ఒకాయన గరుకు చెక్కుడు పైపు ఫోటో పెట్టి "సరికొత్త ఫినిషింగ్" అని మురిసిపోయాడు. దాని కింద మా చిన్నాయన కొడుకు "గిది మా నాయన ఎప్పుడో కనిపెట్టిండు" అని రాశాడు. పెళ్లిళ్లలో, దినాల్లో యాభై ఏళ్లుగా ఈ మాట వింటున్నాను. ఇక చాలు. అసలు జరిగింది రాస్తున్నాను... వాళ్లు చదవాలనే రాస్తున్నాను.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజులు. బడులు మూసేశారు. ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న చోట అప్పటికి రాళ్లు, సీతాఫలం పొదలే.

పక్కింట్లో సూర్యనారాయణ సారు కిరాయికి ఉండేవారు. తెనాలి వైపు మనిషి, సర్కారు ఆఫీసులో గుమాస్తా. నా వేలు పట్టి అక్షరాలు దిద్దించింది ఆయనే. మొదటి పుస్తకం చేతిలో పెట్టిందీ ఆయనే. సాయంత్రమైతే నాయన, ఆయన అరుగు మీద కూర్చునేవారు. కానీ ఆ ఎండాకాలం వాళ్లావిడ సగం సామాను మూటలు కట్టేసింది. "వెళ్లిపోదామండీ" అని ఆమె... "చూద్దాంలే" అని ఆయన.

పాత పైపు పగిలిందని ఆయన నాయనకు కొత్తది చెప్పారు. అది తయారై కిటికీలో ఉంది. సాయంత్రం తీసుకెళ్తానన్నారు.

తరిమెన తాడు లాగడానికి వచ్చే మా చిన్నాయన దాన్ని చూశాడు.

"ఏందిరా, ఆంధ్రోనికి మనింట్ల పైపులా? నువ్వు మొగోనివైతే దానిమీద రాయి... వాపస్ పో అని!"

మేకు కూడా ఆయనే ఇచ్చాడు. నాకు పదకొండేళ్లు. రాశాను. సారు నేర్పిన మెలికలతో సహా, లోతుగా రాశాను.

నాయన అన్నం తిని వచ్చి చూశాడు.

"ఎవడు గీకిండు?"

"పిల్లగాడన్నా... తెల్వక జేసిండు," అన్నాడు చిన్నాయన. అంటూనే చెప్పులేసుకున్నాడు. ఉద్యమాల చరిత్రలు చాలానే చదివాను. పిల్లాడి చేతికి మేకిచ్చి చెప్పులేసుకున్న వాళ్ల గురించి ఎక్కడా ఒక్క ముక్క కనబడలేదు.

నాయన నన్ను కొట్టలేదు. పైపును వెలుతురులో తిప్పి చూశాడు. అక్షరాలు పోయేదాకా గీరితే పొగాకు కూరే బుర్ర పలచనై నిప్పుకు మాడుతుంది. కొత్తది చేద్దామంటే ఇంట్లో జిట్రేగి చేవ లేదు, తెచ్చుకోవడానికి బస్సులు లేవు. సారు ఆ మాట చదివితే తెల్లారేసరికి పక్కిల్లు ఖాళీ...

"గా సైకిల్ చువ్వ తేరా. తెచ్చి ఈడ్నే కూసో. చూడు."

చువ్వ కొన నూరి, వంచి, చెక్కడం మొదలుపెట్టాడు. అక్షరాల చుట్టూ, అక్షరాల మధ్య, అక్షరాల మీద... చిన్న చిన్న గుంటలు, మధ్యలో బుడిపెలు. పొద్దు వాలేదాకా అదే పని. నున్నదనం కోసం బతికిన మనిషి తన చేత్తో చేసిన అద్దాన్ని తనే గరుకు చేస్తుంటే ఎదురుగా కూర్చుని చూడాల్సి వచ్చింది. దెబ్బలైతే మరిచిపోయేవాణ్ణి. అవిసె నూనె రాసేసరికి అచ్చం సీతాఫలం. అక్షరం జాడ లేదు.

సారు వచ్చారు.

"ఏమయ్యా రామయ్యా! అద్దం అడిగితే సీతాఫలం ఇచ్చావేంటి?"

"కొత్త నమూనా సార్. గిట్లయితే చేతికి వేడి తగలది."

ఆయన బొటనవేలు బుడిపెల మీద తిరుగుతూ ఒకచోట ఆగింది. నా వైపు చూశారు.

"బాగుందయ్యా," అన్నారు. పొగాకు కూరి వెలిగించారు.

మర్నాడు పొద్దున గోడ అవతల మూటలు విప్పుతున్న చప్పుడు... ఇత్తడి బిందె మళ్లీ గట్టు మీదికి ఎక్కిన చప్పుడు. అమ్మయ్య! ఆ రోజు తిన్నంత అన్నం నేను మళ్లీ ఎప్పుడూ తినలేదు.

ఆ చెక్కుడు అందరికీ నచ్చింది. నాయన ఇక నున్న పైపులు మానేశాడు. ఎలా పుట్టిందని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. చిన్నాయన ఊరుకోలేదు. తానే కనిపెట్టానని చంపాపేట దాకా చెప్పుకున్నాడు. ఒక రకంగా నిజమే... మేకు ఆయనదే కదా!

నలభై ఏళ్లకు మళ్లీ ఉద్యమం వచ్చింది. అప్పటికి నాయన లేడు. సారు ఎల్బీనగర్‌లో ఫ్లాట్ కొనుక్కుని ఉన్నారు. ఒక బంద్ రోజు రమ్మంటే నడిచే వెళ్లాను.

"డాక్టరు పొగ మాన్పించాడు. ఇది నీ దగ్గరుండాలి," అని పైపు నా చేతిలో పెట్టారు.

బొటనవేలు ఆనే చోట బుడిపెలు అరిగిపోయాయి. అడుగున గీత తేలింది... పో.

ఆ గీతను వేలితో తడిమి చూశాను.

"మొదటి రోజే తెలిసిందిరా. ఆ మెలిక నీకు నేర్పింది నేనేగా."

"మరి... ఎందుకు పోలేదు సార్?"

"రాసింది పిల్లాడు. దాన్ని కప్పడానికి పూటంతా కూర్చున్నది మీ నాన్న. నేనెవరి మాట వినాలి, నువ్వే చెప్పు?"

నలభై ఏళ్లుగా గుండెలో దిగి ఉన్న మేకు అప్పుడు ఊడింది. బస్సుల్లేని రోడ్డు మీద తేలిగ్గా నడుచుకుంటూ ఇంటికొచ్చాను.

ఇప్పుడు మా తరిమెన తిరిగిన చోట కోచింగ్ సెంటర్ ఉంది. మేకులు మాత్రం అందరి చేతుల్లోనూ ఉన్నాయి... పొద్దున ఫోన్ తెరిస్తే ఎవరో ఎవరినో పొమ్మని గీకుతూనే ఉంటారు. చువ్వ నూరుకుని పూటంతా కూర్చునేవాళ్లే కనబడరు.

మీ తప్పు మీద అలా సీతాఫలం చెక్కిన వాళ్లెవరైనా మీ ఇంట్లో ఉన్నారా? ఉంటే కింద రాయండి... మేకిచ్చిన వాళ్ల సంగతి నేను రాసుకున్నాను, మీరు చెక్కిన వాళ్ల సంగతి రాయండి.